మనవాళ్ళ బల్ల

ఆ పరాయి దేశపు బస్సు డిపోలో, క్యాంటీన్ మూలనున్న బల్ల మనవాళ్ళది. మధ్యాహ్నం పెద్దాయన అగ్గిమీద గుగ్గిలమవుతూ వచ్చి అక్కడ కూలబడ్డాడు.

"పక్కన కూర్చున్నానని ఈ దేశపోడొకడు తన డబ్బా తీసుకుని లేచిపోయాడు! మనం మనుషులం కామా?"

"బాగా అడిగారు బాబాయ్," అంది కొత్తగా చేరిన డ్రైవరమ్మ.

పెద్దాయన చల్లబడి, ఎప్పటిలాగే కూర్చున్నచోటి నుంచే తన కూర అందరి డబ్బా మూతల్లోనూ వడ్డిస్తూ ఆమె మూత దగ్గర ఆగాడు.

"మీ ఇంటిపేరేంటమ్మా? మీ ఊళ్ళో ఏ వీధి?"

కూర వడ్డించడానికి వీధి ఎందుకో ఆమెకి తెలుసు. ఇదివరకు పనిచేసిన రెండు చోట్లా మాట దాటేసింది. ఈసారి నీళ్ళు నమలలేదు.

"ఊరవతల మాదిగవాడ. మొదటి ఇల్లే మాది."

గరిటె వెనక్కి మళ్ళింది. "ఇవాళ కూర తక్కువొచ్చిందిలే," అని గొణిగి, పెద్దాయన డబ్బాకి మూత పెట్టి లేచాడు. మిగతావాళ్ళు తలొంచుకుని తింటున్నారు.

ఆమె కుర్చీ ముందుకు లాక్కుని, తన డబ్బా మూత తీసి బల్ల మధ్యకి జరిపింది.

"నా కూర అందరికీ సరిపోతుంది, కూర్చోండి. అక్కడ వాడు లేచాడని ఇక్కడికొచ్చారు. ఇక్కణ్ణుంచి లేచి ఇంకెక్కడికెళ్తారు బాబాయ్?"