మా డాబా మీది గాలి

మా ఆయన మందుల షాపు నడుపుతాడు గానీ, ప్రాణమంతా డాబా మీదే ఉంటుంది. అక్కడ దూదిలాంటి తేలికైన బల్సా చెక్క కోసి, పల్చటి కాగితం అతికించి బొమ్మ విమానాలు చేస్తాడు. ఆ పిచ్చి అంటించింది మా నాన్న. బస్సు డిపోలో మెకానిక్‌గా రిటైరైన నాన్నకి కొడుకుల్లేరు; పెద్దల్లుడు దొరికాక ఆ లోటే మర్చిపోయాడు. సెలవు రోజు వచ్చిందంటే మామా అల్లుళ్లు మైదానానికి పోయి, ఒకే రిమోటు చేతులు మార్చుకుంటూ ఎగరేసేవాళ్లు. తన వంతు అయిపోగానే నాన్న విమానం రెక్కల్ని ఎడమకీ కుడికీ వంచేవాడు. బాగుంది, ఇక నువ్వు కానివ్వు అని దానర్థం. ఆ ఊపు కోసం మా ఆయన చంటిపిల్లాడిలా ఎదురుచూసేవాడు.

తర్వాత నాన్న మోకాళ్లు మొరాయించాయి. మైదానం మానేశాడు, మా డాబా మెట్లు కూడా ఎక్కలేకపోయాడు. ఉండేది పక్కింట్లోనే, నా చెల్లెలి దగ్గర. చెల్లెలి మొగుడు, అంటే మా మరిది, ఫొటోగ్రాఫరు. సరిగ్గా అప్పుడే అతను డ్రోన్ కొన్నాడు.

ఇక చూడాలి మా ఆయన కడుపుమంట. తోడల్లుడి డ్రోన్ గాల్లోకి లేస్తే చాలు, ఈయన మొహం మాడిపోయేది. "చేత్తో ఒక్క పుల్లైనా అతికించాడా? డబ్బాలోంచి తీశాడు, ఎగరేశాడు. అదీ ఒక విద్యేనా?" అని నా మీద విరుచుకుపడేవాడు, నేనేదో కొనిచ్చినట్టు. ఒకరోజు నాన్న కుర్చీలో కూర్చుని డ్రోన్ రిమోటు తెర చూస్తూ నవ్వుకోవడం కిటికీలోంచి ఈయన కంటబడింది. అప్పట్నుంచి ఆ ఇంటి గడప తొక్కలేదు. నాన్న కబురు పెట్టినా షాపులో పని ఉందన్నాడు. ఆ పనేమిటో నాకు తెలియదా, ఈగలు తోలుకోవడం.

కొత్త విమానం రెక్కలకి కాగితం అతికించే రోజుల్లో ఆ డ్రోన్ మా డాబా మీదికి రావడం మొదలుపెట్టింది. సాయంత్రాలు నేను కూడా అక్కడే ఉండి కాగితం కత్తిరించి ఇచ్చేదాన్ని. అది వచ్చి, మా నెత్తిన నిలబడి, కాసేపు చూసి, వెళ్లేముందు అటూ ఇటూ ఒరిగేది. తోడల్లుడు తన పనిని వెక్కిరిస్తున్నాడని మా ఆయన పళ్లు నూరాడు. నాకూ అలాగే అనిపించింది, అబద్ధమెందుకు.

అప్పుడే కొత్త నిబంధన ఒకటి వచ్చింది. ఇళ్ల మీద తక్కువ ఎత్తులో డ్రోన్ ఎగరేయాలంటే ఆ ఇంటివాళ్ల అనుమతి ఉండాలి, లేకపోతే డ్రోన్ జప్తు. మా ఆయన దాన్ని డాక్టరు రాతకన్నా శ్రద్ధగా చదివి, నాతో మాటైనా అనకుండా ఫిర్యాదు చేసొచ్చాడు.

విచారణకి ఆఫీసరమ్మ వచ్చింది. అందరం చెల్లెలి ముందుగదిలో కూర్చున్నాం. మరిది మొహం పాలిపోయింది. డ్రోన్ పోతే అతని సంపాదన చాలావరకు పోయినట్టే. మా ఆయన మాత్రం కాలు మీద కాలేసుకుని, నేల తనది, డాబా తనది అయినప్పుడు దాని మీది గాలి ఇంకొకరిది ఎలా అవుతుందని ఆవిడకి విడమర్చి చెప్పాడు. రోజూ పోయేముందు డ్రోన్‌ని ఊపి తనని వెక్కిరిస్తున్నారని కూడా చెప్పాడు.

ఎవరు ఊపారని ఆవిడ అడిగింది. మరిది నోరు తెరవబోతే నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"నేనేనమ్మా. డ్రోన్ అతనిదే, పక్కింటి డాబా మీదికి తెచ్చింది మాత్రం నేను," అని ఆవిడతో చెప్పి, మా ఆయన వైపు తిరిగాడు. "మెట్లెక్కలేను, నువ్వేమో రావడం మానేశావు. రెక్క ఎంతవరకు వచ్చిందో చూద్దామని. బాగుంది, కానివ్వమనే ఊపాను బాబూ. నువ్వే గుర్తుపడతావనుకుని, చెప్పొద్దని వీళ్లతో అన్నాను."

మా ఆయన కాలు కిందికి దించాడు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆయన వీపు మీద నాలుగు వేయాలని కూడా అనిపించింది.

ఆఫీసరమ్మకి ఇవేవీ పట్టలేదు. అనుమతి లేకుండా ఎగిరింది కాబట్టి తీసుకెళ్లక తప్పదంది. ఇంటివాళ్లు ఇప్పుడైనా అనుమతిస్తే ఈసారికి మందలించి వదిలేస్తానంది. అందరూ మా ఆయన వైపు చూశారు. చెల్లెలి చూపుకి తలదించుకున్నది మాత్రం నేను.

"ఇస్తాను," అన్నాడు చివరికి. "కానీ రిమోటు మా మామయ్యగారి చేతిలో ఉంటేనే. ఇంకెవరి చేతిలో ఉన్నా కుదరదు."

మరిది నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగాడు. ఆఫీసరమ్మ అలాగే రాసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు సాయంత్రం డ్రోన్ వచ్చింది. మా ఆయన తలెత్తి చూడలేదు. రెక్కని మాత్రం రెండు చేతులా పట్టుకుని, అడుగువైపు పైకి తిప్పి, అతుకులు కనబడేలా చాలాసేపు అలాగే ఉంచాడు. డ్రోన్ ఎడమకీ కుడికీ ఒరిగింది. ఈయన ముక్కు ఎగపీల్చాడు.

"చూశావా ఎలా తూలుతోందో," అన్నాడు నాతో. "మామయ్యగారికి దాన్ని నిలబెట్టడం కూడా సరిగ్గా నేర్పలేదు వాడు. రేపు నేనే వెళ్లి నేర్పాలి."