యాభై అయిదు చుట్లు

నాకు లెక్క రాదు. ముప్పై ఏళ్ళుగా మోటార్లు చుడుతున్న మనిషి అనకూడని మాట ఇది, కానీ నిజం చెప్పడానికి సిగ్గెందుకు? ఇరవై దాటిందంటే నా బుర్ర ఎటో పోతుంది. ఇరవై ఆరు తర్వాత ఇరవై తొమ్మిది వచ్చేస్తుంది. అందుకే మా కొట్లో మొదటి నుంచీ చుట్టడం నాది, లెక్క అక్కది. మిక్సీ మోటారైనా, నీళ్ళ పంపు మోటారైనా, నేను రాగి తీగ చుడుతుంటే అక్క ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఒకటి, రెండు అని పైకి లెక్కపెట్టేది. లెక్క పూర్తవగానే “చాలు” అనేది. ఆ మాట వినపడితేనే నా చెయ్యి ఆగేది. మధ్యలో ఎవరైనా పలకరించారో, ఒంటికాలి మీద లేచేవాణ్ణి. నాకు ముక్కు మీదే కోపం. నా నోటికి జడిసే ఏ పిల్లా నన్ను చేసుకోలేదని అక్క అందరి ముందూ అనేది. అన్నాక తనే ముందు నవ్వేది.

అలాంటి అక్క మూడు నెలలుగా ఒక్క మాట మాట్లాడలేదు.

ఒకరోజు పొద్దున్న పళ్ళు తోముకుంటూ కూలబడిపోయింది. పక్షవాతం అన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు పట్టు తప్పాయి, మాట పడిపోయింది. కాలు కాస్త దారికొచ్చింది. చెయ్యి అందిస్తే నాలుగడుగులు వేస్తుంది. మనం చెప్పేదంతా అర్థమవుతుంది. మాటే రాదు. మొదట్లో ఏదో అనబోయి పెదాలు కూడదీసుకునేది, రాకపోయేసరికి ఎడమ పిడికిలితో ఒళ్ళో కొట్టుకునేది. రానురాను ఆ ప్రయత్నం కూడా మానేసింది. కిటికీ వైపు తిరిగి కూర్చుంటుంది, అంతే.

మాట నేర్పడానికి వారానికి రెండుసార్లు డాక్టరమ్మ వస్తుంది. చిన్న వయసే, ఓపిక మాత్రం చాలా ఉంది. ఆ రోజు గుమ్మం దాటాక గొంతు తగ్గించి చెప్పింది.

“ఆవిడే ఆశ వదిలేసుకుంటే ఇంక మాట రావడం కష్టమండీ. నా బొమ్మల కార్డులు చూస్తేనే మొహం తిప్పేసుకుంటున్నారు. ఆవిడకి బాగా ఇష్టమైన పని ఏదైనా ఉందా?”

నాకంటే ముందు మేనకోడలు అందుకుంది. “కార్ల పందాలండీ.”

డాక్టరమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. “బొమ్మ కార్లండీ, రిమోట్‌వి,” అన్నాను నేను. “బొమ్మ అన్నానని మాత్రం మా అక్కతో అనకండి, చంపేస్తుంది.”

అబద్ధం కాదు. అరవై ఒక్క ఏళ్ళ మనిషి, ఆదివారం వచ్చిందంటే మూరెడు కారు చంకన పెట్టుకుని ఖాళీగా ఉండే పార్కింగ్ స్థలానికి బయల్దేరేది. అక్కడ తన వయసులో సగం కూడా లేని వాళ్ళతో పోటీపడేది. వాళ్ళంతా మోటార్లు కొనుక్కునేవాళ్ళు. మా అక్క కారులో ఉండేది మేం చుట్టుకున్న మోటారు. ఈ చిన్న మోటార్లలో సంగతి ఒక్కటే. చుట్లు తగ్గిస్తే జోరుగా తిరుగుతుంది, పెంచితే నెమ్మదిగా, కానీ బలంగా తిరుగుతుంది. అక్క పందెం మోటారుకి పంతొమ్మిదే చుట్లు. గెలిచిన రోజు ఇంటికొచ్చి కారుని ముందు తుడిచేది, తర్వాత తను మొహం కడుక్కునేది.

డాక్టరమ్మ మాట చెవిన పడ్డాక నేను ఆగుతానా? మర్నాడే బజారుకి పరిగెత్తాను. బ్రష్‌లెస్ మోటారట, కార్బన్ ముక్కల రాపిడే ఉండదట, తెచ్చేశాను. పాత బ్యాటరీ ఆరు సెల్లుల ఇటుకబెడ్డ. దాని బదులు అందులో సగం బరువున్న కొత్త లిథియం బ్యాటరీ పెట్టాను. అక్కకి ఎడమ చెయ్యి ఒక్కటే ఆడుతుంది కదా, రెండు పుల్లలున్న రిమోట్‌లో రెండు పనులూ ఎడమ పుల్లకే వచ్చేలా వైర్లు మార్చాను. రెండు రోజులు తిండి ధ్యాస కూడా లేదు. బిగించి చూస్తే కారు వరండా ఈ చివర్నుంచి ఆ చివరికి కన్ను మూసి తెరిచేలోగా వెళ్ళింది. నా భుజాలు నేనే చరుచుకున్నాను.

అక్కను కుర్చీలో వరండాలోకి తెచ్చి రిమోట్ ఒళ్ళో పెట్టాను. కారును చూసి తన కళ్ళు మెరిశాయి. ఒట్టు, నేను చూశాను. ఎడమ బొటనవేలు పుల్ల మీద పెట్టి, వణుకుతున్న వేలితో ఇంత జరిపింది. అంతే! కారు ఎగిరి చెప్పుల స్టాండుకి గుద్దుకుని పల్టీ కొట్టింది. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ చెయ్యి పుటుక్కున విరిగింది.

“మెల్లిగా అక్కా, మెల్లిగా! అలా తోసేస్తే ఎలా?” అని అరిచాను.

నా నోరు పడిపోను. అరిచాక గానీ తెలియలేదు ఎవరి మీద అరిచానో. అక్క రిమోట్‌ని జాగ్రత్తగా పక్కన పెట్టి, గోడ వైపు తిరిగిపోయింది. బుగ్గ మీద తడి కనిపించింది. మేనకోడలు నా మీదికి వచ్చింది.

“ఎవరి కోసం పెట్టావు మావయ్యా ఆ మోటారు? అమ్మ కోసమా, నీ సరదా కోసమా?”

ఒళ్ళు మండిపోయింది. ఇంతున్నప్పుడు ఎత్తుకు తిప్పిన పిల్ల నన్నడుగుతుందా అని విసురుగా కొట్లోకి వెళ్ళిపోయాను. అక్క స్టూలు ఖాళీగా ఉంది. దాని ఎదురుగా కూర్చున్నాక కోపం ఎటు పోయిందో, సిగ్గు మిగిలింది. ఆ పిల్ల అడిగినదాంట్లో తప్పేముంది? అక్క కారును ప్రపంచంలోకెల్లా జోరైన కారు చేసి అక్క ముందు గొప్పలు పోదామనుకున్నాను. వణికే వేలికి కావాల్సింది జోరు కాదు. ఇంత జరిపితే ఇంతే కదిలే కారు కావాలి. చుట్లు పెంచాలి. పంతొమ్మిది కాదు, యాభై అయిదు.

బ్యాటరీ కొత్తదే ఉంచాను. తేలిక, పైగా నెమ్మది మోటారు మీద చాలాసేపు వస్తుంది. పాత మోటారు విప్పి, లోపల తిరిగే ఆర్మేచర్ బయటికి తీశాను. దానికి మూడు ఇనప కొమ్ములుంటాయి. మూడింటికీ సమానంగా చుట్టాలి, ఒక్క చుట్టు తేడా వచ్చినా నేను ఒప్పుకోను. బరువు ఒక పక్కకి లాగితే మోటారు కొట్టుకుంటుంది. ఒకసారి ఒక్క చుట్టు ఎక్కువైందని అక్కతో తగువేసుకుని మొత్తం విప్పి మళ్ళీ చుట్టినవాణ్ణి.

మర్నాడు మధ్యాహ్నం మేనకోడలు డ్యూటీకి వెళ్ళింది. అక్కను ఒంటరిగా వదలలేను కాబట్టి సన్న తీగ రీలు, ఆర్మేచర్ పట్టుకుని తన గదిలోనే కూర్చున్నాను. అక్క కిటికీ వైపు తిరిగి ఉంది. నా మీద అలక అలాగే ఉంది.

“నిన్న తప్పు నాదే అక్కా. ఈసారి కొమ్ముకి యాభై అయిదు చుడతాను, మెల్లిగా పోతుంది,” అన్నాను. వీపే జవాబు.

సరే అని చుట్టడం మొదలుపెట్టాను. లెక్కపెట్టేవాళ్ళు లేరు కాబట్టి నేనే పైకి అనుకున్నాను. ఒకటి, రెండు, మూడు. ఇరవై దాటాక చెమటలు పట్టాయి. ముప్పై రెండు, ముప్పై మూడు, ముప్పై నాలుగు. బయట ఎవడో హారన్ కొట్టాడు.

“ముప్పై ఏడు,” అన్నాను.

“ముప్పై అయిదు.”

నా గొంతు కాదది. గదిలో ఇంకెవరూ లేరు. తల తిప్పి చూడాలని ప్రాణం కొట్టుకుపోతోంది, కానీ భయమేసింది. చూస్తే ఆగిపోతుందేమో! నోరు గట్టిగా మూసుకుని ఇంకో చుట్టు వేశాను.

“ముప్పై ఆరు.”

బొంగురు గొంతు. మూడు నెలల తుప్పు పట్టి ఉంది. ఇంకో చుట్టు, ఇంకో అంకె. యాభై అయిదు దగ్గర ఆగింది. నా చెయ్యీ ఆగింది. “చాలు” కోసం ఎదురుచూస్తూ తలెత్తాను. అక్క నా వైపు తిరిగి ఉంది. పెదాలు కూడదీసుకుంటోంది. మెడ నరాలు తేలాయి. రాలేదు. పిడికిలి లేచింది.

“ఇంకా రెండు కొమ్ములున్నాయి,” అన్నాను గబగబా. పిడికిలి ఆగింది.

రెండో కొమ్ముకి ఒకటి నుంచీ తనే లెక్కపెట్టింది. మళ్ళీ యాభై అయిదు దగ్గర ఆగింది, మళ్ళీ ఆ మాట రాలేదు. నీళ్ళు తెస్తానని వంటింట్లోకి వెళ్ళి డాక్టరమ్మకి ఫోన్ చేశాను. నా కంగారులో ఏం చెప్పానో ఆవిడకే తెలియాలి.

“చాలా సంతోషమండీ,” అంది. “కానీ ఒక మాట. లెక్కలు, పాటలు అలవాటు మీద వచ్చేస్తాయి. అది మాట్లాడటం కాదు. ఆవిడ తనంతట తను అనుకుని ఒక్క మాట అనాలి. ఒక్కటి చాలు, తర్వాత దారి దొరుకుతుంది. తొందరపెట్టకండి.”

అక్కకి నీళ్ళు తాగించి మూడో కొమ్ము మొదలుపెట్టాను. ఇదొక్కటే మిగిలింది. ఇది అయిపోతే మళ్ళీ ఆ కిటికీయేనా? ఒకటి నుంచి యాభై దాకా నిలకడగా వచ్చింది. యాభై మూడు, యాభై నాలుగు, యాభై అయిదు.

“యాభై ఆరు,” అంది అక్క.

ముప్పై ఏళ్ళలో అక్క లెక్క ఎప్పుడూ హద్దు దాటలేదు. ఆగాలని నా పనితనం అంటోంది, ఆగితే ఆ గొంతు ఆగిపోతుందని నా ప్రాణం అంటోంది. చుట్టాను. మోటారు గంగలో కలవనీ! యాభై ఏడు. యాభై ఎనిమిది. తీగ కుప్పపడి జారుతోంది, బొటనవేలితో అదిమిపట్టి చుడుతున్నాను. అరవై దాటాక అంకెలు వినపడుతున్నాయి గానీ బుర్రలోకి వెళ్ళడం లేదు, గొంతొక్కటే వింటున్నాను. కళ్ళు మసకేశాయి. యాభై ఏళ్ళ మగాణ్ణి, చిన్నపిల్లాడిలా ముక్కు ఎగబీలుస్తూ చుడుతున్నాను.

లెక్క ఆగింది. అక్క ముందు ఆ లావెక్కిన కొమ్మును చూసింది, తర్వాత నా మొహం చూసింది. కనుబొమ్మలు ముడిపడ్డాయి. కొట్లో నేను పని పాడుచేసినప్పుడు పడే ముడి అది.

“చాలు,” అంది.

నా చెయ్యి ఆగింది.

“చాలురా... వెధవా.”

ఎన్ని వేలసార్లు అని ఉంటుంది నన్ను ఆ మాట! రీలు వదిలేసి అక్క ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను. ఎడమ చెయ్యి వచ్చి నా నెత్తి మీద పడింది, మెల్లిగా ఒక మొట్టికాయ వేసింది.

ఆ ఎక్కువ చుట్లు నేను విప్పలేదు. విప్పమని దేవుడొచ్చి చెప్పినా విప్పను. మోటారు అలాగే బిగించాను, విరిగిన చక్రం చెయ్యి మార్చాను. సాయంత్రం మేనకోడలు వచ్చేదాకా ఫోన్‌లో కూడా చెప్పలేదు, తన చెవులతో తనే వినాలని. ఆ పిల్ల గేటు తీసేసరికి వరండాలో కారు నడుస్తోంది. నడక అంటే నడకే. ఒళ్ళంతా వణుకుతూ, గుర్రుగుర్రుమంటూ, గుమ్మం మెట్టు ఎక్కి ఇవతలికి దిగుతోంది. కుర్చీలో అక్క బొటనవేలు కూడా వణుకుతోంది, కానీ కారు తను చెప్పిన చోటికే వెళ్తోంది.

మేనకోడలు చెప్పులు విప్పుతూ చెవి ఒగ్గి వింది. కొట్లో పెరిగిన పిల్ల కదా.

“మోటారు కొట్టుకుంటోంది మావయ్యా. ఒక కొమ్ముకి ఎక్కువ పడిందా ఏంటి? ఎన్ని చుట్టావు?”

నోరు తెరిచాను. నాకేం తెలుసు? నాకు లెక్క రాదు.

“డెబ్భై ఒకటి,” అంది అక్క, కారు మీంచి చూపు తిప్పకుండా.