రెండు పౌన్ల జెలటిన్

మాచర్లలో ముప్పై రెండేళ్ళు ఇంగ్లీషు బోధించి పదవీ విరమణ చేసిన ధనుంజయరావు గారికి ఒక నమ్మకం ఉండేది. సరైన మాటను సరైన చోట వాడినవానికి వివరణతో పని లేదని. 1986 వేసవిలో ఆ నమ్మకమే ఆయన మనుమరాలు సుందరి కప్పును నీళ్ళపాలు చేయబోయింది.

సుందరి సింక్రనైజ్డ్ స్విమ్మింగ్‌లో, అంటే పాటకు తగినట్టు నీటిలో నాట్యమాడే ఈతలో, రెండేళ్ళుగా రాష్ట్ర విజేత. సాగర్ కాలువలో సాధించిన విద్య అది. తొలిరోజుల్లో నీటిపైన నిటారుగా లేచిన కాళ్ళను చూసి, ఎవరో మునిగిపోతున్నారని ఊరివారు ఆమెను మూడుసార్లు ఒడ్డుకు లాగారు. ఈసారి కూడా గెలిస్తే కప్పు శాశ్వతంగా ఇంటికి వస్తుంది. ధనుంజయరావు గారి భార్య హనుమాయమ్మ అప్పుడే బీరువాలో ఊరగాయ జాడీలు జరిపి చోటు చేసింది.

చిక్కల్లా జుట్టుతోనే. మోకాళ్ళ దాకా ఉన్న ఆ జడ నిరుడు నీటిలో విడివడి ముఖాన్ని కప్పేసింది. మార్కులు పోగా, బెజవాడ అమ్మాయి మీద అర మార్కుతో సుందరి గట్టెక్కింది. జడ కత్తిరిస్తే అన్నం ముట్టనని హనుమాయమ్మ ప్రకటించింది. చివరికి ఒక ఇంగ్లీషు పుస్తకంలో ఉపాయం దొరికింది. జెలటిన్ పొడిని వేడినీళ్ళలో కలిపి తలకు పట్టిస్తే వెంట్రుక కదలదట.

ఆయన ఇంగ్లీషులో "జెలటిన్, రెండు పౌన్లు" అని ముత్యాల వంటి అక్షరాలతో చీటీ రాసి, పాత శిష్యుడైన లారీ మెకానిక్ అబ్దుల్ మజీద్ చేతికిచ్చారు. పోటీనాటికి, అది జరిగే గుంటూరుకు తెమ్మన్నారు.

"దేనికి సార్?"

"అది లేకుండా నీళ్ళలో దిగితే ఈసారి గెలవలేము."

మజీద్ మరేమీ అడగలేదు. బడిలోనూ ఆయనను రెండో ప్రశ్న అడిగినవాడు లేడు.

పోటీ రోజున మజీద్ ఈతకొలను గట్టున ఒక గోనెసంచిని పసిబిడ్డను దించినట్టు దించాడు.

"క్వారీ మేస్త్రి ఇయ్యనన్నాడు సార్. మీ చీటీ చూపిస్తే ఇచ్చాడు. ఆ చుట్ట కాల్చే ఆయన్ని కాస్త అవతలకి పొమ్మనండి."

ధనుంజయరావు గారు సంచిలోకి తొంగిచూశారు. వరిగడ్డి నడుమ బండలు పేల్చే జిలెటిన్ కడ్డీలు పన్నెండు.

"ఏందిరా ఇది?" అన్నారు. ముప్పై రెండేళ్ళలో ఆయన నోట అంత మోటు మాట ఎవరూ వినలేదు.

"మీరు రాసిందే గదా సార్. చేపల్ని పేల్చి పట్టడానికేమో అనుకున్నా, ఇక్కడ చూస్తే చేపల్లేవు. ఆ బెజవాడ పిల్ల మీదికా? చిన్నపిల్ల సార్. దానికి పన్నెండెందుకు?"

"ఒరేయ్, ఇది తలకు పెట్టుకునేదిరా."

మజీద్ కడ్డీలను, సుందరి తలను మార్చి మార్చి చూశాడు. "నిజమే సార్. ఇంక జుట్టు బాధ ఉండదు."

"తాతయ్యా, పది నిమిషాల్లో నన్ను పిలుస్తారు," అంది సుందరి, క్లిప్పుతో మూసిన ముక్కుతో.

మజీద్ సంచిని భద్రంగా లారీకి చేర్చి, ఒక డబ్బాతో తిరిగి వచ్చాడు. "గ్రీజు సార్. బేరింగులకి పెట్టేది. నీళ్ళకి చచ్చినా కరగదు."

ధనుంజయరావు గారు పుస్తకమంతా తిరగేశారు. గ్రీజు కూడదని ఎక్కడా లేదు.

సుందరి తల నూనెలో ముంచిన ఇనపగుండులా మెరిసింది. వెంట్రుక కదలలేదు. ఆమె తేలిన చోటల్లా నీటిమీద ఇంద్రధనుస్సులు లేచాయి. న్యాయనిర్ణేతలు అదీ ప్రదర్శనలో భాగమేననుకొని మార్కులు వేశారు. నాలుగు మార్కుల తేడాతో కప్పు సుందరిదైంది.

జాడీల పక్కన కప్పు చేరింది. గ్రీజు మాత్రం నాలుగు నెలల కుంకుడుకాయలకు గాని వదలలేదు. జాతీయ పోటీలు దగ్గరపడగానే ధనుంజయరావు గారు మజీద్‌కు మళ్ళీ చీటీ రాశారు. "జెలటిన్, రెండు పౌన్లు" అని ఇంగ్లీషులో రాసి, చాలాసేపు ఆలోచించి, కింద తెలుగులో ఒక్క మాట చేర్చారు.

"పేలనిది."