నదికి పడమటి గడియారం

కాఫీ కెటిల్ పొయ్యి మీద పెట్టి, ఊళ్ళో హోటలు వెనక గదిలో ఆర్విల్లా కుర్చీలు సర్దుతోంది. మోకాళ్ళు పట్టేశాయి. అయినా సోమవారం వస్తే ఇంట్లో కాలు నిలవదు. పింఛను ఆగిన ముసలివాళ్ళు, పచ్చిక బీళ్ళ పేచీలున్న రైతులు ఈ గదికి వచ్చి గోడు చెప్పుకుంటే విని, అమెరికా చట్టసభ కాంగ్రెస్‌లో ఉండే తమ సభ్యుడికి చేరవేయడం ఆమె ఉద్యోగం. ఇన్నాళ్ళూ సౌత్ డకోటా రాష్ట్రానికి ఇద్దరు సభ్యులుండేవారు. మిస్సౌరి నదికి పడమట ఉన్న వీళ్ళకంటూ ఒకాయన ఉండేవాడు. జనాభా లెక్కలు తేలాక, రాష్ట్రం మొత్తానికీ ఒక్కరు చాలన్నారు. ఈ గది ఉంచాలో తీసేయాలో చూడ్డానికి నదికి తూర్పు నుంచి కర్టిస్ అనే కొత్త ఉద్యోగి ఇవాళ వస్తున్నాడు.

పదింటికి రావలసినవాడు తొమ్మిదింటికే దిగాడు.

"పదయింది. ఒక్కరూ రాలేదేంటమ్మా?" అన్నాడు చేతి గడియారం చూసుకుంటూ. గోడ వైపు చూసి, "మీ గడియారం గంట వెనకబడింది."

"అదెప్పుడూ అంతే బాబూ," అంది ఆర్విల్లా.

నది దాటితే ఇక్కడి టైము వేరు, గడియారం గంట వెనక్కి తిప్పుకోవాలని ఈ తూర్పువాళ్ళకి ఎప్పుడూ గుర్తుండదు. చెబితే, ఇంకా గంటుందిగా, మరో ఊరు చూసొస్తానని లేస్తాడు. వెళ్ళినవాడు మళ్ళీ వస్తాడా? అందుకని పుల్లటి రూబార్బ్ కాడలతో చేసిన 'పై' అనే తీపి వంటకం ముక్క కోసి ముందు పెట్టింది. కబుర్లలోకి దించింది. పాత సభ్యుడు మంచు తుఫానులో చిక్కుకుని ఈ గదిలోనే పడుకున్న రాత్రి సంగతి చెప్పింది. ఆయనకి రైతుల కుక్కల పేర్లు కూడా తెలుసని చెప్పింది. చెబుతుంటే ఆ రోజులే మళ్ళీ వచ్చినట్టనిపించి, ఎందుకు చెబుతోందో కాసేపు మరిచిపోయింది. కర్టిస్ రెండో ముక్క కూడా తిన్నాడు.

అంతలో బూట్లకి పేడతో ఎమిల్ అనే రైతు వచ్చాడు. అతని వెనక ఇంకా చాలామంది. కుర్చీలు చాల్లేదు.

"ఇదేంటయ్యా, మాకంటే ముందే వచ్చి మొత్తం లాగించేశావా?" అన్నాడు ఎమిల్, ఖాళీ పళ్ళెం చూసి. "పదింటికన్నారు, పదింటికే వచ్చాం."

కర్టిస్ గోడ గడియారం చూశాడు, చేతిది చూశాడు, నవ్వేశాడు. చివరిదాకా కూర్చుని అందరి మాటా విన్నాడు. జనం వెళ్ళాక టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"మీ దగ్గర దాచలేనమ్మా. గది తీసేయాలని పోయిన నెలే తేల్చేశారు. నన్ను ఊరికే పంపారు."

ఆర్విల్లాకి ఏడుపొచ్చింది. అయినా గిన్నెలన్నీ కడిగి, తలుపు మీది సభ్యుడి పేరు బోర్డు విప్పి చంకన పెట్టుకుంది.

"గడియారం కూడా నీదేగా, తీసుకుపో," అన్నాడు హోటలాయన.

"ఉండనీ. తూర్పు నుంచి ఎవరన్నా వస్తే మన టైము తెలియొద్దూ?"

ఆ చలికాలం ఆమె నిద్రలోనే పోయింది. వెనక గదిలో ఇప్పుడు బంగాళాదుంపల బస్తాలు పెట్టుకున్నారు. వాటి పైన, గోడకి, ఆ గడియారం నడుస్తూనే ఉంది, తూర్పుకంటే గంట వెనగ్గా.