సిలబస్‌లో లేని కావ్యం

ఒడిశాలో పట్టముండాయి అనే ఊళ్లో, ఓ ప్రైవేటు కాలేజీలో ప్లస్ టూ పిల్లలకి ఒడియా సాహిత్యం చెప్పే బైకుంఠ మహాపాత్ర గారికి సిలబస్ అనే మాటంటే చిన్నచూపు. ఏటా మొదటి రోజు పాఠం చెప్పరు. ఆ మాటని చెరిగి ఆరబోస్తారు.

"సిలబస్ అంటే సంతకి పోయేటప్పుడు ఇంట్లో రాసిచ్చే చీటీరా. కరిక్యులం అంటే ఆ ఇంటి వంటంతా. ఎవరు వండారు, ఎవరు వడ్డించారు, తిన్నది నీ ఒంటికి పట్టిందా లేదా, అన్నీ అందులోకే వస్తాయి. పాఠ్యప్రణాళిక అను, పాఠ్యక్రమం అను, ఏ పేరైనా పెట్టుకో. చీటీ నమిలితే మాత్రం కడుపు నిండదు!"

పిల్లలు నవ్వేవారు. పక్క గదిలో లెక్కల మాస్టారు కూడా చెవి ఒగ్గి వినేవారు. ఈ మాటలతోనే ఆయన రెండు సెమినార్లలో శాలువాలు కప్పించుకున్నారు. అందులో అబద్ధమేమీ లేదు. ఆ మాటల మీద ఆయనకున్న మమకారమే కొంప ముంచింది.

ఆ ఏడు రథయాత్రకి ముందు ఆఫీసు గుమస్తా కాళంది బాబు ఒక కాగితం పట్టుకొచ్చాడు.

"సార్, పరీక్షల కౌన్సిల్ నుంచి కొత్త సిలబస్ వచ్చింది. సంతకం పెట్టండి."

"చీటీయేగా! సొరుగులో పడెయ్యవయ్యా," అన్నారు బైకుంఠ బాబు. చదవకుండానే సంతకం పెట్టారు.

ఆ కాగితంలో ఉన్నది ఒకటే ముఖ్యమైన మార్పు. ఆయన ఇరవై రెండేళ్లుగా చెబుతున్న కావ్యాన్ని తీసేసి, దాని స్థానంలో ఒక నవల పెట్టారు. ఆయన మాత్రం యథాప్రకారం కావ్యమే చెప్పారు. అదీ ఎలా చెప్పారని! నాయిక పుట్టింటి గడప దాటే ఘట్టం దగ్గర, క్లాసులో ఉన్న ఆరుగురు పిల్లలూ కళ్లు తుడుచుకున్నారు.

ఆ ఆరుగురిలో సురమా బెహెరా ఒకతె. చేపలు పట్టేవాళ్ల పిల్ల. టీచరు ట్రైనింగులో సీటు కావాలని పట్టుబట్టి చదివేది. మార్కుల వరసలో పైన ఉంటే తప్ప ఆ సీటు రాదు. దసరా పూజ సెలవుల తర్వాత ఆమె భయపడుతూ వచ్చి అడిగింది.

"సార్, బజార్లో కొత్త గైడు చూశాను. అందులో మన కావ్యం లేదు. ఏదో నవల ఉంది."

"గైడు రాసినవాడికి తెలుసా, నాకు తెలుసా? వాడి మీదే నమ్మకముంటే వాడి దగ్గరికే పో తల్లీ, నా క్లాసెందుకు?"

క్లాసంతా గొల్లున నవ్వింది. సురమ తల వంచుకుంది. తప్పయిందని చెప్పి మళ్లీ ఆ ఊసెత్తలేదు. నవ్విన అయిదుగురూ మాత్రం ఆ సాయంత్రమే ఎవరికి వారు గైడు కొనుక్కున్నారు. సార్‌కి తెలియనివ్వలేదు.

పరీక్ష అయ్యాక ప్రశ్నపత్రం చేతికొస్తే బైకుంఠ బాబు అచ్చుతప్పనుకున్నారు. చిందులేస్తూ ఆఫీసుకి వెళ్లారు. కాళంది బాబు సొరుగులోంచి కాగితం తీసి, కింద ఆయన సంతకం చూపించాడు. ఆయన ఆ సంతకం వైపే చూస్తూ కుర్చీలో కూలబడ్డారు.

ఫలితాలొచ్చాయి. అయిదుగురూ గట్టెక్కారు. ఆయన్ని నమ్మిన పిల్ల ఒక్కతే నలభై మార్కులు పోగొట్టుకుంది. ట్రైనింగు జాబితాలో ఆమె పేరు లేదు.

తప్పు నాదేనని చెప్పి రావాలని బయల్దేరి ఆయన సురమ వాళ్ల ఇంటికి వెళ్లారు. దారి పొడుగునా ఆ ఒక్క మాటనే మనసులో తిప్పుకున్నారు. సురమ తండ్రి ఎదురొచ్చి చాప పరిచాడు. చకుళి అట్లు, బెల్లం పెట్టించాడు.

"మీరు మా గడప తొక్కడమే మా భాగ్యం సార్. ఇదేం చేసిందో చూశారా? మీరు అన్నీ చెప్పారట. తనే ప్రశ్న సరిగ్గా చదువుకోకుండా ఏదో రాసేసిందట. ఏడుస్తూ తనే ఒప్పుకుంది."

బైకుంఠ బాబు తల తిప్పి చూశారు. తలుపు వారన నిలబడిన సురమ, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. తన మీద కోపమైతే ఆయన భరించేవారు. ఆ దయ భరించలేకపోయారు. అయినా చెప్పాలనుకున్న మాట పక్కన పెట్టి, అట్టు ముక్క తుంచారు. ఊళ్లో ఇరవై రెండేళ్ల పేరు అడ్డం పడింది.

"రేపట్నుంచి రొయ్యలు ఒలిచే షెడ్డుకి పంపిస్తున్నా సార్. అక్కడ పనిలోనైనా ఒళ్లు దగ్గర పెట్టుకోమని మీరో మాట చెప్పండి. నా మాట వినదు, మీరంటే ప్రాణం దానికి."

ఆయన చేతిలో అట్టు ముక్క అలాగే ఉండిపోయింది. చెప్పడానికి అదే ఆఖరి అవకాశమని ఆయనకి తెలుసు.

"ఇకనైనా శ్రద్ధగా ఉండాలమ్మా," అన్నారు.

"అలాగే సార్," అని సురమ ముందుకొచ్చి ఆయన పాదాలకి దండం పెట్టింది.