ఉత్త ముచ్చట్లు

స్వరూప ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని జొన్నరొట్టెలు కొడుతోంది. రెండో చెవి ఇంటికి కావాలి. ఎవరు పిలిచినా పలకాలి.

"మళ్ల గా ముసలామె ముచ్చటేనా? అయిపోయిందన్నవ్ గద," అన్నాడు భర్త వంశీధర్.

అయిపోయిందనే అనుకుంది. ప్రాజెక్టు కింద ఊరు మునిగి, కొల్లాపూర్ దగ్గరి కాలనీకి చేరిన ఆడవాళ్ల ఆరోగ్యం మీద ఆమె పరిశోధన. రోగం పేరు కాదు, దాంతో బతకడం ఎలా ఉంటుందో వాళ్ల నోటనే వినాలి. రికార్డు చేసినవి రాసుకుని, అసలు సంగతి ఏరాలి. ఈ రోజు గైడ్ మేడమ్‌కు పంపకపోతే ఈ ఏడు పీహెచ్‌డీ పట్టా లేదు. అంజమ్మది చివరిది. ఒకసారి సరిచూద్దామని పెట్టింది.

"నడుం నొప్పి, బీపీ. గోలీలు నడుస్తున్నయి." అంజమ్మ పేరు కింద రాసుకున్నది ఇదే. చెవిలో వినబడే గొంతు మాత్రం ఆమె భర్త మల్లయ్యది. అడిగింది ఆమెను, చెప్పింది ఆయన. ఆ రోజు అది తప్పనిపించలేదు. మొన్న దవాఖానలో డాక్టర్ తనను అడిగితే వంశీధరే, "ఏం లేదు సార్, జర నీరసం," అన్నాడు. తను తలూపింది. ఇంటికొచ్చాక అత్త కౌసల్యమ్మ, "నీరసానికి గూడ దవాఖాననా? మేమెన్నడు పోయినం?" అంది.

రికార్డులో మల్లయ్య బీడీ కాల్చుకోవడానికి బయటికి పోయాడు. చెప్పుల చప్పుడు దూరమయ్యాక అంజమ్మ మెల్లగా మాట్లాడింది.

"ఎండకాలం నీళ్లు దిగితే మా ఊరి గోడలు తేలుతయి బిడ్డా. మొగోళ్లు దర్వాజలు, దూలాలు పీక్కొచ్చిండ్రు. రోలు నేలల పాతి ఉండె, బరువని ఇడిసిపెట్టిండ్రు. నేను పోయి దాని పక్కన కూసుంటా. గాడ నడుం నొయ్యదు."

చెప్పులు తిరిగొచ్చాయి. "గవి ఉత్త ముచ్చట్లమ్మా, రాయకు," అన్నాడు మల్లయ్య.

ఆ రోజు స్వరూప రాయలేదు. తను అడిగింది రోగం గురించి కదా అని వదిలేసింది.

పెనం మీద రొట్టె మాడింది. "యాడుంది నీ మనసు?" అంది అత్త. అప్పుడే మేడమ్ ఫోన్ చేసింది. స్వరూపవి పిండి చేతులని వంశీధర్ అందుకున్నాడు.

"అయిపోయింది మేడమ్. పొద్దూకే లోపల పంపిస్తది."

స్వరూప పొయ్యి ఆర్పింది. పిండి చేత్తోనే ఫోన్ తీసుకుంది.

"కాలే మేడమ్. నేను రాసిందంతా మల్లయ్య చెప్పింది. అంజమ్మ దగ్గరికి మళ్ల పోవాలె."

"ఈ ఏడు పోతది స్వరూపా."

"పోనీ మేడమ్."

ఫోన్ పెట్టేసింది. వంశీధర్ ఆమెను చూశాడు, పెనాన్ని చూశాడు.

"మరి రొట్టెలు?"

"పిండి పళ్లెంల ఉంది," అని స్వరూప కొల్లాపూర్ బస్సుకు బయల్దేరింది.