ఎడమవైపు బ్రేకు

మావయ్యగారు చెప్పులు విప్పి కింద పెట్టి ఎవరిదో కారులో ఎడమవైపు సీట్లో కూర్చుంటున్నారు, కుడికాలు ముందుకు చాపి నేలమీద ఒక్కసారి గట్టిగా నొక్కి, ఇది కాదన్నట్టు తల ఊపి దిగిపోతున్నారు, దిగి పక్క కారు దగ్గరికి నడిచి అక్కడ మళ్లీ చెప్పులు విప్పుతున్నారు. అదెలా కుదురుతోందో నాకు అర్థం కావడం లేదు, ఎందుకంటే మొదటి కారు దగ్గర విప్పిన చెప్పులు అక్కడే ఉన్నాయి. వెనక్కి తిరిగి చూస్తే వరసలో ఉన్న ప్రతి కారు పక్కనా ఆయన చెప్పుల జతే, అదే గోధుమరంగు తోలు, ఎడమ చెప్పుకి అదే తెల్లదారం కుట్టు.

ఇది కాకినాడలో మా పాత కార్ల క్లబ్బు ఏటా ప్రదర్శన పెట్టే కాలేజీ మైదానమే, కానీ గోల్‌పోస్టు ఉండాల్సిన చోట పోర్టు క్రేను నిలబడి ఉంది, గడ్డి ఉండాల్సిన చోట తడి ఇసుక ఉంది, షామియానా ఎగిరినప్పుడల్లా దాని వెనక ఒకసారి కాలేజీ మేడా ఒకసారి సముద్రమూ కనిపిస్తున్నాయి. నా చేతిలో తుడిచే గుడ్డ ఉంది. దుమ్ము కనిపించిన చోటల్లా తుడుస్తున్నాను, మావి కాని కార్లు కూడా తుడుస్తున్నాను, తుడిచిన చోటే మళ్లీ దుమ్ము పడుతోంది, గుడ్డ కింద పడేద్దామంటే చెయ్యి వదలడం లేదు. మావయ్యగారు పోయి ఏడాది అయిందని నాకు తెలుసు. ఆ సంగతి ఆయనతో అనకూడదని కూడా ఎవరో చెప్పి పంపినట్టు తెలుసు.

"మావయ్యగారూ, మన కారు ఇటుందండి," అంటున్నాను.

"ఉండమ్మా హైమా, చూస్తన్నాను గదా. నా కారు నాకు తెలీదేంటి."

ఆయన ఇంకో కారెక్కి నొక్కి దిగుతున్నారు. అసలే నాకు ఓపిక తక్కువ. జడ్జీగారు అట్ట పట్టుకుని మూడు కార్ల అవతల ఉన్నారు, ఇందాక చూసినప్పుడూ మూడు కార్ల అవతలే ఉన్నారు, ఆయన వచ్చి చూసి మార్కులు వేసేదాకా ఏ కారూ కదలకూడదని రూలు, అందుకే అన్ని టైర్ల కిందా చెక్కముక్కలు అడ్డం పెట్టి ఉన్నాయి.

ఇంతలో మైకు గరగరమంటోంది. మా ప్రదర్శనలో ప్రతి కారు చరిత్రా ఒక కాగితం మీద రాసి ఇస్తాం, జడ్జీ ఆ కారు దగ్గరికి రాగానే దాన్ని మైకులో చదువుతారు. ఇప్పుడు మా కాగితం చదువుతున్నారు. "స్టాండర్డ్ హెరాల్డ్, అరవై ఆరో సంవత్సరం బండి, యజమాని గంగాధరరావు గారు, పోర్టులో స్టీమరు ఏజెంటు ఆఫీసులో హెడ్ క్లర్కు," అంటోంది గొంతు. అంతవరకు నేను రాసిందే. కానీ గొంతు అక్కడ ఆగడం లేదు. "కొడుక్కి స్టీరింగు చూస్తేనే చెమటలు పడతాయి కాబట్టి, ఇరవై ఒక్కేళ్ల కొత్తకోడలికి ఉప్పాడ బీచ్ రోడ్డు మీద ఆయనే డ్రైవింగు నేర్పారు. నేర్పేటప్పుడు పక్క సీట్లో కూర్చుని, అక్కడ లేని బ్రేకుని కుడికాలితో నొక్కేవారు. నేర్పడం ఆరు వారాల్లో అయిపోయింది. నొక్కడం మాత్రం నలభై ఏళ్లయినా మానలేదు."

జనం నవ్వుతున్నారు. నాకు ఒళ్లు మండిపోతోంది. కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుందని ఈ సంగతి నేనెప్పుడూ బయట అనలేదు. రాజమండ్రి వెళ్లినా, తుని వెళ్లినా, ఆడపడుచు పురిటినొప్పులు పడుతుంటే వానలో ఆస్పత్రికి తీసుకెళ్లినా, నేను బ్రేకు మీద కాలు వేసిన ప్రతిసారీ పక్కన ఆయన కాలు కూడా టక్కుమని నేలమీద పడేది. నలభై ఏళ్లలో ఆ కారుకి నా చేతిలో ఒక్క గీత పడలేదు. అయినా ఆయన కాలు నన్ను నమ్మలేదు.

"ఎడమవైపు రబ్బరు మ్యాటు మీద గీతలన్నీ అరిగి పాదమంత గుంట పడినందువల్ల మూడు మార్కులు తగ్గాయి," అని మైకు చదువుతోంది, "మూడేళ్లు వరసగా రెండో బహుమతే వచ్చింది. కిందటేడు కోడలు ఆ మ్యాటు తీయించేసింది. ఆ తర్వాత బుధవారం నాడు..."

తర్వాతి మాట ఏమిటో నాకు తెలుసు. అది ఆయన చెవిన పడకూడదని మైకు కోసం పరుగెడుతున్నాను, ఇసుకలో కాళ్లు దిగబడుతున్నాయి, చెప్పుల జతలు కాళ్లకి అడ్డం పడుతున్నాయి, తీరా వెళ్తే అక్కడ మనిషెవరూ లేరు, ఇనపకుర్చీ మీద మైకు ఒక్కటే ఉంది. చేతిలో గుడ్డ దాని మీద కప్పేస్తున్నాను. గొంతు ఆగిపోతోంది, కానీ మిగిలిన మాట నా నోట్లోకి వచ్చి కూర్చుంటోంది.

ఆ బుధవారం ఆయన కర్ర పట్టుకుని మెల్లగా షెడ్డులోకి వచ్చి, "ఒక్కసారి ఉప్పాడ దాకా తిప్పుకురా అమ్మా నన్ను," అన్నారు. రంగు వేయించి నాలుగు రోజులైంది. "ఉప్పుగాలి తగిలితే మెరుపు పోతుందండి, ఆదివారం ప్రదర్శన అయిపోనివ్వండి," అన్నాను. ఆయన ఎడమవైపు తలుపు తీసి కిందకి చూశారు, కొత్త మ్యాటు చూశారు, తలుపు చప్పుడు కాకుండా వేసేశారు. శనివారం మధ్యాహ్నం భోజనానికి లేపబోతే లేవలేదు. ఆదివారం కారు షెడ్డులోనే ఉంది, ముసుగు కూడా తియ్యలేదు.

మైకు దగ్గర్నుంచి తిరిగి వచ్చేసరికి మావయ్యగారు మా కారులోనే కూర్చుని ఉన్నారు. నాకు ప్రాణం లేచొస్తోంది. కానీ ఆయన కాలు నొక్కి చూసి, మళ్లీ ఇంకోచోట నొక్కి చూసి, నేల తడుముకుంటున్నారు.

"బావుందమ్మా. ఎవరిదో గాని శుభ్రంగా ఉంచుకున్నారు," అంటున్నారు.

"ఇది మనదేనండి."

"మనదా?"

"మనదే. నెంబరు చూడండి, ఆ హారను చూడండి, గేరు రాడ్డు మీద గుండు చూడండి, అన్నీ కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉన్నాయో అలా చేయించాను." నెంబరు ప్లేటు వైపు చూస్తే అంకెలు ఒకచోట నిలబడడం లేదు, అరచేత్తో గట్టిగా రుద్దితే ఇంకా జరుగుతున్నాయి.

"అంతేలే. కొన్నప్పుడు ఎలా ఉందో నాకేం గుర్తుంటాది. మనదయ్యాక ఎలా ఉందో అదే గుర్తు," అంటున్నారాయన కోపం లేకుండా. ఆయనకి కోపం వస్తే బాగుండును. "ఆయనెప్పుడొస్తాడు, ఆ అట్టాయన?"

"వస్తారండి, ఇంకా మూడు కార్లే."

"ఆదివారం అయ్యాకా?"

ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడుగుతున్నారు, తెలుసుకుందామని. జడ్జీ మూడు కార్ల అవతల తల వంచి రాసుకుంటూనే ఉన్నారు. నేను వంగి టైర్ల కింద చెక్కముక్కలు ఒక్కొక్కటీ లాగేస్తున్నాను, నాలుగు లాగినా ఇంకా ఉంటున్నాయి, చివరికి కాలితో తన్నేసి స్టీరింగు ముందు కూర్చుని తాళం తిప్పుతున్నాను. రెండోసారికే ఇంజను అందుకుంటోంది. మైకు మీద గుడ్డలోంచి ఎవరో మూలుగుతున్నారు, మార్కులు పోతాయని కాబోలు.

"చెప్పులు మర్చిపోయారండి," అంటున్నాను.

"ఎప్పుడు మర్చిపోలేదు గనక. ఉప్పాడలో కొనుక్కుందాం."

నిజమే, చెప్పులతో కారెక్కడం ఆయనకి ఎప్పుడూ మనసొప్పేది కాదు, రోడ్డు మీద విప్పేసి ఎక్కి, అక్కడే వదిలేసి వచ్చేసేవారు, మా ఇంట్లో చెప్పుల ఖర్చు ఆయనదే ఎక్కువ అని అత్తయ్యగారు దెప్పేవారు. మైదానం జారిపోతోంది, క్రేను జారిపోతోంది, ఒక పక్క సర్వితోటలూ ఒక పక్క సముద్రమూ వచ్చి చేరుతున్నాయి, రోడ్డు మీద నీళ్లు పల్చగా పారుతున్నాయి. దించిన అద్దంలోంచి ఉప్పుగాలి కొడుతోంది. పోతే పోయిందిలే మెరుపు.

"క్లచ్చి మీంచి కాలు తియ్యి," అంటున్నారాయన. "ఇంకా మానలేదా ఆ అలవాటు."

"మీరు మానారా?" అనేస్తున్నాను. ఎన్నేళ్ల నుంచో లోపల ఉన్నది బయటికి వచ్చేస్తోంది. "నలభై ఏళ్లు మీ కాలు అక్కడి నుంచి తియ్యలేదు. ఆ గుంట చూసినప్పుడల్లా నాకు నా మీద మీరు రాసిన మార్కుల్లా అనిపించేది. మ్యాటు బహుమతి కోసమే తీయించానని అందరికీ చెప్పాను. కాదు. అది నా కళ్ల ముందు ఉండకూడదనే తీయించాను."

మావయ్యగారు బయట సముద్రం వైపు చూస్తున్నారు. కిందటి తుఫానుకి రోడ్డు కోసుకుపోయిన చోట్ల రాళ్లు వేసి ఉన్నాయి, వాటి మీంచి నీళ్లు ఎగిరి అద్దం మీద పడుతున్నాయి.

"నమ్మకం లేకేంటమ్మా," అంటున్నారు. "నమ్మకం లేకపోతే పక్కన కూచుంటానా. మీ ఆయన బండి తోలితే నేనెక్కేనా ఎప్పుడైనా?"

"మరెందుకండి నొక్కడం?"

"నువ్వు ఆపేటప్పుడు నేనూ ఆపేవోణ్ణి. అంత బండి ఒక్కదానివే ఆపుకోవడం ఎందుకని." కాస్త నవ్వి మళ్లీ అంటున్నారు, "ఆ బుధవారం కూడా అంతే. ఉప్పాడలో ఏవుంది, ఇసుక. నీ పక్కన కూచుందామని అడిగేను."

నాకు ఏడుపొస్తోంది. గుడ్డ చేతిలో లేదని అప్పుడు చూసుకుంటున్నాను, కళ్లు తుడుచుకోవడానికి ఏమీ లేదు. క్షమించండి అని అనబోతున్నాను, ఆదివారం అనే మాట వస్తోంది, మళ్లీ అనబోతున్నాను, మళ్లీ అదే మాట వస్తోంది. కళ్లలో నీళ్లవల్ల ముందు రోడ్డు సరిగ్గా కనబడడం లేదు, రెప్ప వేసి చూస్తే అసలు రోడ్డే లేదు, నల్లగా తెగిపోయి ఉంది, అవతల నీళ్లే. బ్రేకు నొక్కుతున్నాను. బ్రేకు మెత్తగా కిందిదాకా దిగిపోతోంది, బండి ఆగడం లేదు. మావయ్యగారి కాలు కూడా టక్కుమని పడుతోంది, పడి, కొత్త మ్యాటు మీద నున్నగా ముందుకి పోతోంది.

"జారుతోందమ్మా," అంటున్నారు, కంగారేమీ లేకుండా, నాకు చెప్పాలి గనక చెబుతున్నట్టు. "ఇక్కడ కాలికి పట్టు లేదు."

"నొక్కండి మావయ్యగారూ," అంటున్నాను, "నొక్కండి, నొక్కండి..."

మెలకువ వచ్చేసరికి నా కుడికాలు మంచం చివర పలకని తన్నిపట్టి ఉంది, పిక్క రాయిలా బిగుసుకుపోయింది. కిటికీలో అప్పుడే వెలుగు పడుతోంది. ఆదివారం. ఎనిమిదింటికల్లా కారు మైదానంలో ఉండాలి, రాత్రే ముసుగు తీసి తుడిచి పెట్టాను. పక్కన మా ఆయన గోడ వైపు తిరిగి హాయిగా నిద్రపోతున్నారు.

పిక్క పట్టు వదిలించుకోవడానికి గోడ పట్టుకుని కుంటుకుంటూ పెరట్లోకి వెళ్లాను. కుళాయి దగ్గర నూకాలమ్మ గిన్నెలు తోముతోంది. ఎప్పుడూ ఒకేచోట ఉండే గిన్నెల గంపని ఇవాళ పక్కకి జరిపింది, దాని కింద పరిచి ఉన్నదాని మీద నేను కాలు వేశాను. తడిగా, చల్లగా, గీతలు గీతలుగా ఉంది. కాలు ఇంకాస్త ముందుకు జరిపేసరికి గీతలు లేవు, నున్నటి గుంట ఉంది. అందులో నీళ్లు నిలిచి ఉన్నాయి.

"నూకాలమ్మా, ఇదెక్కడిది?"

"కారులోదండమ్మా. కిందటేడు మీరు పారేత్తే, పోయే ముందు బుధారం నాడు పెద్దయ్యగారు చెత్తలోంచి తీసి తెచ్చేరు. దాచవే, అమ్మాయి అడిగితే ఇయ్యి అన్నారు. తవరు అడగలేదు గదండీ."

నా పాదం ఆ గుంటలో పెట్టి చూశాను. వేళ్ల ముందు ఇంకా రెండంగుళాల చోటు మిగిలింది.

"ఇప్పుడు అడుగుతున్నాను, ఇవ్వు," అన్నాను గాని, దాని మీంచి కాలు మాత్రం తియ్యలేదు.